ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో పిల్లను ఎలా ఉంచడం?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆరో తరగతి నుంచి స్కూల్లో ఫ్రెంచ్ తీసుకుంది. వచ్చే వేసవి సెలవుల్లో, మే నెలలో, స్కూలు వాళ్ళు కొంతమంది పిల్లల్ని ఫ్రాన్స్‌లోని ఆంజే అనే ఊరికి పదహారు రోజులు తీసుకెళ్తున్నారు. హోటల్ ఉండదు. ఒక్కొక్కరినీ ఒక్కో ఫ్రెంచ్ కుటుంబం తమ ఇంట్లో ఉంచుకుంటుందట. ఆ ఇంటి పిల్లలతో కలిసి బడికి వెళ్ళాలి, వాళ్ళతోనే తినాలి. మళ్ళీ అక్టోబర్‌లో ఆ ఇంటి పిల్ల వచ్చి మా ఇంట్లో ఉంటుంది. ఖర్చు రెండు లక్షల ఎనభై వేలన్నారు. మావారు చీటీ పాడి కడదామంటున్నారు. పాపకు రోజూ ఇదే ధ్యాస. మా అత్తయ్య మాత్రం "ఆడపిల్లని ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో పడుకోబెడతారా?" అని రోజూ గొడవ. మేం శాకాహారులం, పాప గుడ్డు మాత్రం తింటుంది. పైగా వచ్చే ఏడు పదో తరగతి, మేలోనే క్లాసులు మొదలుపెడతారు. నాకూ లోపల భయంగానే ఉంది. అది నన్ను వదిలి ఒక్క రాత్రి కూడా ఉండలేదు. మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఆ ఫ్రెంచ్ పిల్ల వస్తే ఎక్కడ పడుకోబెట్టాలో, ఏం పెట్టాలో కూడా తెలియడం లేదు. పంపమంటారా, వద్దంటారా?

— ఒక అమ్మ, నిజాంపేట, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, పంపండి. డబ్బు కట్టే ముందు స్కూలును అడగాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటికి సరైన జవాబులు వస్తేనే పంపండి. పంపాక మాత్రం నిజంగా పంపండి. పిల్ల ఆంజేలో ఉండి, దాని చెవి రోజంతా మీ ఫోన్ దగ్గర ఉంటే, ఆ రెండు లక్షల ఎనభై వేలు దండగే.

ఇలా ఎందుకంటున్నానో చెప్తాను. ఫ్రెంచ్ టీచరుగా పిల్లల్ని ఇలాంటి ప్రయాణాలకు వెంటబెట్టుకుని వెళ్ళినదాన్ని. ఈఫిల్ టవర్ చూసినందువల్ల ఏ పిల్లకీ ఫ్రెంచ్ రాలేదు. తెల్లారి వంటింట్లోకి వెళ్ళి, "చెంచా ఎక్కడుంది?" అని అడగాల్సి వచ్చినప్పుడు వచ్చింది. పక్కన మన భాష మాట్లాడేవాళ్ళు ఎవరూ లేక, అవసరం మెడ మీద కూర్చున్నప్పుడు, నాలుగేళ్ళుగా పుస్తకంలో ఉన్న మాటలు నోట్లోకి వస్తాయి. అందుకే ఒక్కో ఇంట్లో ఒక్కో పిల్లని పెట్టడం ఈ పద్ధతికి ప్రాణం. మీకు భయం పుట్టిస్తున్నదీ, అత్తయ్యగారికి నచ్చనిదీ సరిగ్గా అదే. దాన్ని తీసేస్తే మిగిలేది ఒక టూరు. కాబట్టి మన పని ఆ ఒంటరితనాన్ని తీసెయ్యడం కాదు, దాన్ని క్షేమంగా ఉండేలా చూడటం.

ముందు స్కూలు సంగతి. హోమ్ స్టే అనే పేరుతో రెండు రకాల ప్రయాణాలు నడుస్తాయి. రెండు బళ్ళు మాట్లాడుకుని, ఆ క్లాసు పిల్లల తల్లిదండ్రులే మన పిల్లల్ని ఉంచుకునేది మొదటిది. ఇందులో వాళ్ళకు డబ్బు ముట్టదు, వాళ్ళ పిల్లని మనం ఉంచుకుంటాం, అంతే. రెండో రకంలో మధ్యలో ఏజెన్సీ ఉంటుంది. రాత్రికింత అని డబ్బు తీసుకుని కుటుంబాలు పిల్లల్ని ఉంచుకుంటాయి. ఒక్కో ఇంట్లో ఇద్దరు ముగ్గుర్ని కలిపి పెట్టడం అక్కడ మామూలే. పగలంతా బస్సులో తిప్పి రాత్రికి ఇంటికి చేరుస్తారు. మధ్యాహ్నానికి డబ్బాలో ఓ శాండ్‌విచ్ పెట్టిస్తారు. అదీ మోసం కాదు, కానీ భాష కోసమైతే మొదటిదానికి సాటి రాదు. ముగ్గురు హైదరాబాద్ పిల్లలు ఒక గదిలో ఉంటే రాత్రంతా తెలుగో హిందీయో ఇంగ్లీషో మాట్లాడుకుంటారు. అది సహజం, వాళ్ళ తప్పు కాదు. అక్టోబర్‌లో అక్కడి పిల్ల మీ ఇంటికి వస్తుందంటున్నారు కాబట్టి మీది మొదటి రకంలాగే ఉంది. అయినా "ఆ కుటుంబాలకు డబ్బు ఇస్తున్నారా? ఒక్కో ఇంట్లో ఎంతమంది?" అని సూటిగా అడగండి.

తర్వాత ఆ ఇంటి గురించి. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పెద్ద అన్నలు ఉన్నారా, పాపకు విడిగా మంచం ఉంటుందా, తలుపుకు గడియ ఉన్న బాత్‌రూమ్ ఉందా, ఆ కుటుంబాన్ని అక్కడి బడివాళ్ళు ఎన్నాళ్ళుగా ఎరుగుదురు? ఇవి అడగడం మర్యాద తక్కువ కాదు. ఫ్రెంచ్ తల్లులూ మీ గురించి ఇవే అడుగుతారు. మన స్కూలు టీచర్లు ఆ ఊళ్ళోనే ఉంటారా, లేక పిల్లల్ని దింపి ఇంకో ఊరికి వెళ్తారా అన్నది ఇంకా ముఖ్యం. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తే నంబరు ఒకటి ఉండాలి. అన్నిటికంటే పెద్ద ప్రశ్న: ఆ ఇల్లు సరిపడకపోతే ఎంతసేపట్లో మారుస్తారు, ఎక్కడికి మారుస్తారు? ఇల్లు మార్చడమన్నది ప్రతిసారీ ఘోరం జరిగితేనే ఉండదు. ఇంట్లో పిల్లితో తుమ్ములు ఆగకపోవడం, ఇంటావిడకు హఠాత్తుగా ఆస్పత్రి పని పడటం, ఇద్దరు పిల్లలకీ అసలు పొసగకపోవడం లాంటివి జరుగుతాయి. అనుభవం ఉన్న బడి ముందే ఒకటి రెండు ఇళ్ళు అదనంగా మాట్లాడి పెట్టుకుంటుంది. "అలాంటిదేం జరగదండీ, మీరు టెన్షన్ పడకండి" అన్నారనుకోండి, వాళ్ళు ఆలోచించలేదని అర్థం. అప్పుడు నేనైతే పంపను.

ఆ ఇంటివాళ్ళతో బయల్దేరే ముందే రెండు మూడుసార్లు వీడియో కాల్ మాట్లాడండి. మీ వచ్చీరాని ఇంగ్లీషు, వాళ్ళ వచ్చీరాని ఇంగ్లీషు చాలు. అత్తయ్యగారిని కూడా కూర్చోబెట్టండి. ఆవిడకు ఆ ఇంటి బామ్మ మొహమో, గోడ మీది గడియారమో కనబడిందంటే సగం గొడవ తగ్గుతుంది.

ఆవిడ మాటను కొట్టిపారెయ్యకండి. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. కానీ ఆవిడకు గుర్తుచేయడానికి మన దగ్గరే ఒకటుంది. మన ఊళ్ళలో వారాలు చేసుకుని చదువుకున్న పిల్లలు ఎంతమంది లేరు? సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో అన్నం తిని, పరాయి ఊళ్ళో చదువు పూర్తిచేసినవాళ్ళు ఆవిడ పుట్టింటి వైపో, మెట్టినింటి వైపో తప్పక ఉండి ఉంటారు. వాళ్ళకు అన్నం పెట్టినవాళ్ళలో చాలామంది చుట్టాలు కారు. పిల్లవాడు చదువుకుంటున్నాడు, అంతే వాళ్ళకు కావాల్సింది.

ఇక ఫ్రాన్స్‌లో ఈ పద్ధతికి వెనక పెద్ద కథే ఉంది. 1945లో యుద్ధం ముగిసేనాటికి ఫ్రాన్స్, జర్మనీ ఒకదాన్నొకటి కాల్చుకున్న దేశాలు. 1963 జనవరి 22న అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్, జర్మన్ చాన్సలర్ అడెనావర్ పారిస్‌లో ఎలిసే ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ ఏడాదే రెండు దేశాల పిల్లల రాకపోకల కోసం ఉమ్మడిగా ఒక సంస్థను పెట్టారు. అది ఇవాళ్టికీ పనిచేస్తోంది, లక్షల మందిని అటూ ఇటూ పంపింది. యుద్ధంలో తండ్రులనో అన్నలనో పోగొట్టుకున్న ఇళ్ళు కూడా ఆనాడు అవతలి దేశపు పిల్లకు పక్క వేశాయి. అందుకే బడి ఈడు పిల్లను రెండు వారాలు ఇంట్లో ఉంచుకోవడం అక్కడివాళ్ళకు వింత కాదు. ఇప్పుడు మీ పాపను ఉంచుకోబోయే తల్లి తన చిన్నతనంలో ఏ జర్మనీలోనో, స్పెయిన్‌లోనో ఒకరింట్లో ఉండి వచ్చినదే అయి ఉండొచ్చు.

తిండి విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన కన్నీళ్ళలో ఎక్కువ భాగం దీనివల్లే. "శాకాహారి" అని ఫారంలో రాసి ఊరుకోకండి. చేప తినేవాళ్ళు కూడా శాకాహారులే అనుకునేవాళ్ళు అక్కడ ఉన్నారు. మాంసం, కోడి, చేప, పందిమాంసం ఏవీ తినదు, గుడ్డు, పాలు, పెరుగు తింటుంది అని విడివిడిగా రాయండి. కూరగాయల టార్ట్ అని పెట్టినదాంట్లో చిన్న చిన్న పందిమాంసం ముక్కలు ఉండొచ్చు. సూపు మాంసం ఉడికించిన నీళ్ళతో చేసి ఉండొచ్చు. జెల్లీ మిఠాయిల్లో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. అక్కడి పాతకాలపు చీజుల్లో చాలావాటికి పాలు విరగ్గొట్టేందుకు దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్ వాడతారు. ఈ చివరిదాని గురించి మీరూ పాపా ఇప్పుడే కూర్చుని ఒక నిర్ణయానికి రండి. తినొచ్చు అనుకుంటే తినొచ్చనే చెప్పి పంపండి, వద్దనుకుంటే వద్దనే రాయండి. అక్కడ బల్ల దగ్గర కూర్చుని పాప ఒక్కతే పాపభయంతో తేల్చుకోకూడదు.

అంతమాత్రాన పస్తులుండే పరిస్థితేం కాదు. పొద్దున రొట్టె, వెన్న, జామ్, గిన్నెడు వేడి చాక్లెట్ పాలు. సాయంత్రం బడి నుంచి రాగానే ఏదో తీపి. ఆమ్లెట్, బంగాళాదుంపలను ఓవెన్‌లో కాల్చి చేసే గ్రాటిన్, వంకాయ టమాటాలతో చేసే రాటటూయ్, పల్చటి అట్లలాంటి క్రేప్‌లు, పప్పుధాన్యాల సలాడ్లు ఇవన్నీ మామూలు ఇళ్ళలో వండుకునేవే. బడి క్యాంటీన్లలో వారానికి ఒక రోజు పూర్తి శాకాహార భోజనం పెట్టాలని అక్కడ చట్టమే ఉంది. మిగతా రోజుల్లో పక్క వంటకాలు, రొట్టె, చీజ్, పెరుగు, పండుతో గడుస్తుంది. కారం ఉండదు, అదొక్కటే నాలుకకు బెంగ. ఓ చిన్న డబ్బాలో కందిపొడో కరివేపాకు పొడో పెట్టండి, అంతకు మించి వద్దు. ప్రెషర్ కుక్కరు, మ్యాగీ అట్టపెట్టె కట్టి పంపే తల్లుల్ని చూశాను. ఆ పిల్ల రోజూ గదిలో తలుపు వేసుకుని తింటుంది, బల్ల దగ్గరకు వచ్చేసరికి ఆకలి ఉండదు. రాత్రి భోజనం బల్ల దగ్గర వాళ్ళు గంటసేపు కూర్చుంటారు, రోజంతా జరిగినవి చెప్పుకుంటారు. పాపకు భాష వచ్చేది అక్కడే. బల్ల దగ్గర నుంచి లేపే ఏ వస్తువూ పెట్టెలో ఉండకూడదు.

ఇంకో సంగతి పాపకు గట్టిగా చెప్పండి. మనింట్లో ఎవరైనా "ఇంకాస్త వెయ్యనా?" అంటే రెండుసార్లు వద్దని మూడోసారి వేయించుకుంటాం. అక్కడ ఒకసారి వద్దంటే వద్దనే అర్థం, గిన్నె పక్క మనిషి దగ్గరకు వెళ్ళిపోతుంది. మొహమాటంతో కడుపు మాడ్చుకుని, రాత్రి పదకొండింటికి వాళ్ళ అమ్మకు ఏడుస్తూ ఫోన్ చేసిన పిల్లలున్నారు. ఆకలేస్తే ఆకలేస్తోందని చెప్పాలి. చలేస్తే ఇంకో దుప్పటి అడగాలి. అడగడమే అక్కడ మర్యాద. ఆ ఇంటావిడకు కూడా, పిల్ల ఏమీ చెప్పకపోతేనే కంగారు.

బాత్‌రూమ్ గురించి ఎవరూ చెప్పరు గనక నేను చెప్తాను. చాలా ఇళ్ళలో టాయిలెట్ విడిగా చిన్న గదిలో ఉంటుంది, అక్కడ కుళాయి ఉండదు, కాగితమే. పాపకు నీళ్ళు తప్పనిసరైతే ఓ చిన్న ప్లాస్టిక్ సీసా వెంట పెట్టుకోవచ్చు, కానీ నేల తడవకూడదు. స్నానాల గదిలో బకెట్, చెంబు ఉండవు, నేలకు నీళ్ళు పోయే తూము కూడా ఉండదు. మన అలవాటులో నీళ్ళు ఒలికిస్తే కింది వాటా పైకప్పు నుంచి కారతాయి. షవరు కింద అయిదు నిమిషాలు, తెర లోపలికి వేసుకుని. తలంటు రోజు ముందే చెప్పాలి. ప్యాడ్లు ఇక్కడి నుంచే సరిపడా పెట్టండి. వాడినవి కాగితంలో చుట్టి చెత్తబుట్టలోనే వేయాలని చెప్పండి. అక్కడ ఈ విషయం ఇంటావిడతో మామూలుగా మాట్లాడొచ్చు, సిగ్గుపడనక్కర్లేదు. స్విమ్మింగ్‌కు తీసుకెళ్తే వదులు టీషర్టు, లెగ్గింగ్స్‌తో కొలనులో దిగనివ్వరు, స్విమ్ సూట్, చాలా చోట్ల తలకు టోపీ ఉండాలి. పాపకు ఇష్టం లేకపోతే దిగనని చెప్పొచ్చు.

ఒంటి మీద చెయ్యి గురించి. అక్కడ పలకరింపుగా చెంపకు చెంప ఆనించి ముద్దు పెట్టినట్టు చేస్తారు, ఆడా మగా అందరూ. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. అయినా మీ పాపకు అది ఇబ్బందైతే నవ్వుతూ చెయ్యి చాపి కరచాలనం చేస్తే చాలు, ఎవరూ తప్పు పట్టరు. అంతకు మించి ఎవరి తీరైనా, అది ఆ ఇంటివాళ్ళదైనా, మన గుంపులో పిల్లలదైనా, వెంట వచ్చిన పెద్దవాళ్ళదైనా, దానికి చెడుగా అనిపిస్తే, కారణం వెతుక్కోకుండా వెంటనే టీచరుకు, మీకు ఫోన్ చెయ్యాలి. "వాళ్ళేమనుకుంటారో" అన్న మాట ఆ నిమిషంలో దాని బుర్రలో ఉండకూడదు. ఇది మీరు నోరు తెరిచి చెప్పాలి, వాళ్ళ నాన్నగారు కూడా విడిగా చెప్పాలి. యూరప్ అంతటా అత్యవసరానికి 112. ఫ్రాన్స్‌లో పిల్లలకు ఆపద వస్తే 119, రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది. ఈ రెండూ, టీచరు నంబరు, ఆ ఇంటి చిరునామా ఒక కాగితం మీద రాసి సంచిలో పెట్టండి. ఫోన్ చార్జి అయిపోయినా కాగితం ఉంటుంది. పెద్దవాళ్ళు భోజనంతో పాటు వైన్ తాగడం ఆ ఇంట్లో కనబడితే పాప బెదిరిపోకూడదు. అదీ ముందే చెప్పండి. తనకు మాత్రం వద్దు, పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకు మద్యం అమ్మడమే అక్కడ నిషిద్ధం.

ఇప్పుడు నేను పట్టుబట్టే విషయానికి వస్తాను: మీ ఫోన్. మే నెలలో ఫ్రాన్స్ మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటుంది. మీరు వంటిల్లు సర్దుకుని రాత్రి పదింటికి తీరిగ్గా ఫోన్ చేస్తారనుకుందాం. అప్పుడక్కడ సాయంత్రం ఆరున్నర. ఆ ఇంటి పిల్ల హోంవర్కు చేసుకుంటూనో, వాళ్ళమ్మ కూరలు తరుగుతూనో, కుక్కను బయటకు తీసుకెళ్తూనో ఉండే వేళ. వేసవి గనక రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది, సాయంత్రాలు పొడుగు. అంటే పాపకు అన్నిటికంటే విలువైన గంటలోనే మీరు దాన్ని గదిలోకి పిలిచి తెలుగులో మాట్లాడిస్తున్నారు. రోజుకు ముప్పావుగంట చొప్పున ఇలా పదహారు రోజులు చేస్తే, అది మనసులో ఇంట్లోనే ఉంటుంది.

కాబట్టి చేరగానే ఒక ఫోన్. ఆ తర్వాత వారానికి రెండు. అక్కడ ఆ వయసు పిల్లలకు సాధారణంగా బుధవారం మధ్యాహ్నం బడి ఉండదు. అప్పుడు ఒకసారి, ఆదివారం పొద్దున ఒకసారి. మధ్యలో "బాగున్నాను" అని ఒక్క మెసేజ్ రోజూ పెట్టమనండి, అది చాలు. బడిలో ఫోన్ తియ్యడానికి కుదరదు, అక్కడ ఆ తరగతుల బళ్ళలో పిల్లలు ఫోన్ వాడకూడదని 2018లో చట్టం చేశారు. జవాబు రాలేదని మీరు గాభరా పడకండి. ఏదైనా కష్టం వచ్చినప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ లేవు, ఏ వేళనైనా చెయ్యొచ్చని పాపకు తెలిసి ఉండాలి.

మొదటి మూడు నాలుగు రోజులు కష్టంగానే ఉంటాయి, ముందే గుండె దిటవు చేసుకోండి. రోజంతా అర్థం కాని భాష వింటే తలనొప్పి వస్తుంది, సాయంత్రానికి నీరసం, మాట పెగలదు. క్లాసులో ఫస్టు వచ్చే పిల్లలు ఇంకా ఎక్కువ డీలా పడతారు, తప్పు మాట్లాడటం వాళ్ళకు అలవాటు లేదు కదా. "అమ్మా, నాకేం అర్థం కావట్లేదు, వచ్చేస్తాను" అని పాప ఏడవొచ్చు. మీరూ ఏడిస్తే అయిపోయింది. ఏం తిన్నావు, ఆ పిల్ల పేరేంటి, ఇవాళ ఏం చూశావు అని అడిగి, "రేపు టీచరుతో మాట్లాడు" అని పెట్టెయ్యండి. వారం తిరిగేసరికి చాలామంది పిల్లల గొంతు మారుతుంది. ఇంకో సలహా, తల్లుల వాట్సాప్ గ్రూపును ఆ పదహారు రోజులూ మ్యూట్‌లో పెట్టండి. ఒకరి పిల్ల కోట ముందు నవ్వుతున్న ఫొటో వస్తుంది, మీ పిల్లది రాదు, రాత్రి నిద్ర పట్టదు. ఆ ఫొటోకీ, ఏ పిల్ల బాగుందన్నదానికీ సంబంధం లేదు.

పదహారు రోజుల్లో ఫ్రెంచ్ గడగడా వచ్చేస్తుందా? రాదు. అలా చెప్పి డబ్బు అడిగేవాళ్ళను నమ్మకండి. వచ్చేదేమిటంటే చెవి తెరుచుకుంటుంది, తప్పు మాట్లాడితే ప్రాణం పోదని తెలుస్తుంది, పుస్తకంలోని మనుషులు నిజమైన మనుషులవుతారు. అది తర్వాత చదివే ప్రతి పాఠానికీ పనికొస్తుంది. మార్కుల కోసమో, ఫ్రెంచ్ ఎంత వచ్చో పరీక్ష పెట్టి ఇచ్చే డెల్ఫ్ సర్టిఫికెట్ కోసమో అయితే, ఫ్రెంచ్ నేర్పే సంస్థ బంజారాహిల్స్ అలయాన్స్ ఫ్రాన్సేజ్‌లో చేర్పించండి, ఇందులో చిన్న భాగం ఖర్చుతో పని జరుగుతుంది. పదో తరగతి క్లాసులు రెండు వారాలు పోయినంత మాత్రాన ఆ పిల్ల చదువుకేమీ కాదు, దాని గురించి ఎక్కువ ఆలోచించకండి.

డబ్బు విషయంలో నా మాట వేరు. చీటీ ఎటూ వేస్తున్నదే, వాయిదాలు ఇంటి ఖర్చుల్లో ఇముడుతున్నాయి అంటే పాడుకోండి. దానికోసం పర్సనల్ లోన్ తియ్యడం, బంగారం తాకట్టు పెట్టడం దాకా వస్తే వద్దు. పాపకు నిజం చెప్పి ఆపండి. పద్నాలుగేళ్ళ పిల్లకు ఇంటి పరిస్థితి అర్థమవుతుంది, ఇంట్లోవాళ్ళు అప్పు తీరుస్తున్నారన్న బరువుతో అక్కడ ఏ పిల్లా సంతోషంగా ఉండలేదు. ఆ రెండు లక్షల ఎనభై వేలలో ఏమేం కలిశాయో కాగితం మీద రాసిమ్మనండి. బడి తరఫున చదువు కోసం వెళ్ళే పిల్లలకు, వెంట వెళ్ళే టీచర్లకు షెంగెన్ వీసా (ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే వీసా) రుసుము మాఫీ ఉంది, దరఖాస్తు కేంద్రం వాళ్ళ సర్వీసు చార్జీ మాత్రమే కట్టాలి. వీసా ఫీజు అని పెద్ద మొత్తం వేసి ఉంటే అడగండి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి, అది వీసాకే తప్పనిసరి.

ఇక అక్టోబర్. మీ ఉత్తరంలో చివర్లో రెండు ముక్కలు రాశారు గానీ, నాకైతే ఇదే పెద్ద విషయం అనిపించింది. ఫ్రాన్స్ బళ్ళకు అక్టోబర్ రెండో సగం నుంచి రెండు వారాల సెలవులు, అప్పుడే వస్తారు. ఆ పిల్ల కోసం ఇల్లు మార్చకండి. రెండు బెడ్‌రూముల ఫ్లాటే ఆ పిల్ల చూడ్డానికి వస్తున్న హైదరాబాద్. పాప గదిలో ఇంకో పరుపు వెయ్యండి. దోమతెరో, దోమల మందో ఉంచండి. తాగడానికి ఫిల్టరు నీళ్ళే, పళ్ళు తోముకోవడానికి కూడా అవే. మొదటి మూడు రోజులు కారం తగ్గించి పప్పు, పెరుగన్నం, ఇడ్లీ, బంగాళాదుంప వేపుడు పెట్టండి. తర్వాత మీరు తినేదే తింటుంది. పిజ్జాలు తెప్పించి పెట్టకండి. హోటళ్ళ వెంటా మాల్స్ వెంటా తిప్పకండి, రైతుబజారుకు తీసుకెళ్ళండి, మీ చుట్టాలింట్లో పుట్టినరోజుకు తీసుకెళ్ళండి. విదేశీయులను ఇంట్లో ఉంచుకుంటే 24 గంటల్లోగా విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్యాలయానికి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. దీన్ని ఎవరు చేస్తారో స్కూలును ముందే అడగండి.

అత్తయ్యగారితో ఇప్పుడే తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఆ పిల్ల వాళ్ళింట్లో మాంసం తినేదే. అందుకని విడిగా కంచం, విడిగా గ్లాసు పెట్టడం లాంటివి చేస్తే ఆ పిల్లకు ఒక్క పూటలో అర్థమైపోతుంది. మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది మీ తిండే తింటుంది కాబట్టి మీ కంచంలోనే తినొచ్చు. ఇక నెలసరి రోజుల్లో మీ ఇంట్లో దూరం కూర్చునే పద్ధతి ఉంటే, ఆ నియమం అతిథి మీద పెట్టకూడదు. ఈ రెండిటికీ ఆవిడ మనస్ఫూర్తిగా సరేననాలి. పూజగదిలోకి రావొద్దన్నా, చెప్పులు బయట విడవాలన్నా ఆ పిల్ల సంతోషంగా వింటుంది. అవి ఇంటి పద్ధతులు, చెబితే చాలు. ఆవిడ ఎంతకీ ఒప్పుకోకపోతే దాచకండి, స్కూలుతో మాట్లాడి అక్టోబర్‌లో ఆ పిల్లకు ఇంకో ఇల్లు చూడమనండి. అలా సర్దుకున్న కుటుంబాలు ఉన్నాయి. మీ పాప ప్రయాణం దానివల్ల ఆగనక్కర్లేదు.

కానుకలు ఏం పంపాలో కూడా చాలామంది అడుగుతారు. పాలకోవా, నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్ళు యూరప్‌లోకి తీసుకెళ్ళనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. చెక్కలు, జంతికలు పెట్టొచ్చు. ఏటికొప్పాక బొమ్మ, చేర్యాల మాస్కు, పోచంపల్లి స్టోల్, పెడన కలంకారీ టేబుల్ క్లాత్, వీటిలో ఏదో ఒకటి చాలు. అది ఎవరు, ఎక్కడ, ఎలా చేస్తారో పాప ఫ్రెంచ్‌లో నాలుగు వాక్యాలు ఇంట్లోనే తయారుచేసుకుని వెళ్ళాలి. మొదటి రోజు సాయంత్రం మాట్లాడటానికి ఒక విషయం చేతిలో ఉంటుంది.

ఇవాళే చెయ్యాల్సింది ఒకటుంది. పాప పాస్‌పోర్ట్ తీసి గడువు చూడండి. మన దగ్గర పిల్లల పాస్‌పోర్ట్ అయిదేళ్ళకే చెల్లుతుంది, చాలామంది ఆ సంగతి మరిచిపోతారు. ఫ్రాన్స్ నుంచి తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు గడువుండాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. అందులో తల్లిదండ్రులిద్దరి అంగీకార పత్రం, జనన ధ్రువీకరణ పత్రం అడుగుతారు. పాపకు రోజూ వేసుకునే మందులు ఏవైనా ఉంటే డాక్టరు చీటీ ఇంగ్లీషులో రాయించి, మందులు దాని చేతి సంచిలోనే పెట్టండి.